నాట్లేసే కాళ్లకి స్టెంటు ఎందుకంటారా?

గుండె నుంచి పొట్ట దాకా దిగే పెద్ద రక్తనాళం పేరు అయోర్టా. రక్తంలో చేరిన క్రిమి దాని గోడని తినేస్తే, అది బుడగలా ఉబ్బుతుంది. పగిలిందా, మనిషి దక్కడం కష్టం.

చీము పట్టిన భాగాన్ని కోసి తీసేసి కొత్త గొట్టం కుట్టడం పాత పద్ధతి. రొమ్మో పొట్టో చీల్చాలి. అంత కోతకి ఆగలేని వాళ్లకి ఇంకో దారుంది. గజ్జల్లోని నాళం గుండా మడిచిన స్టెంట్ గ్రాఫ్టుని పంపి, ఉబ్బిన చోట లోపల విప్పుతారు. చీమున్న చోట పరాయి గుడ్డ పెడతారా అని డాక్టర్లే అడ్డం చెప్పారు. ఆ భయం ఉత్తది కాదు. అయినా యూరప్‌లో 16 ఆస్పత్రుల్లో ఇలా చేసిన 123 మంది లెక్క 2014లో అచ్చయింది. నెల దాటినవాళ్లు నూటికి 91, అయిదేళ్లు దాటినవాళ్లు 55. కొందరిని మిగిలిపోయిన క్రిమే తర్వాత చంపింది. స్టెంటు పగలకుండా కాస్తుంది గానీ క్రిమిని చంపదు. నెలల తరబడి, ఒక్కోసారి బతికినన్నాళ్లూ యాంటీబయాటిక్ మింగాల్సిందే.

ఇక మా పేచీ. కేసు షీట్లో 'బలహీన రోగి' అని రాస్తారు. ఎవరు బలహీనం చేశారో రాయరు. మెలియాయిడోసిస్ క్రిమి తడిమట్టిలో ఉంటుంది. పగిలిన ఉత్తకాళ్లతో మడిలో దిగినవాళ్ల ఒంట్లో దూరుతుంది. షుగరుంటే మరీ సులువు. ఈశాన్య థాయిలాండ్ వరిపొలాల్లో దీని పీడ ఎక్కువ, తెలుగు జిల్లాల్లోనూ కేసులు బయటపడ్డాయి. ఈ క్రిమి అయోర్టానీ పట్టగలదు. సాల్మొనెల్లా అయితే మురికినీళ్లతో, పాడైన కూటితో వస్తుంది. మడిలో దిగే కాళ్లెవరివి? మంచినీళ్ల కుళాయి వాడ దాకా రాకుండా ఊళ్లోనే ఆగిపోయిందెందుకు?

వరి పండించడానికి పనికొచ్చిన ఒళ్లు వైద్యం దగ్గరకొచ్చేసరికి ఖర్చుకి తగనిదైపోతుంది! 'ఈ వయసులో ఇంత ఖర్చెందుకు' అనే మాట ఆసామి ముసలి తండ్రి మంచం దగ్గర వినపడదేం?

2017లో ధరకి హద్దు పెట్టింది గుండె నాళాల స్టెంట్లకే. అయోర్టా గ్రాఫ్టుకీ హద్దు పెట్టాలి. అంతకన్నా ముందు జొరం తగ్గని కూలోడి రక్తం కల్చరుకి పంపాలి. ఈ జబ్బు టీబీని పోలి ఉంటుంది, టీబీ మందులిచ్చి తిప్పుతూంటే లోపల నాళం కరిగిపోతుంది. స్టెంటు వేసి పంపేటప్పుడు చీటీ కాదు, నెలల మందు చేతికివ్వాలి. స్కానుకి పిలిచినప్పుడల్లా బస్సు చార్జీ, పోయిన రోజు కూలి కూడా ఇవ్వాలి.