చవక చవక అని ఢిల్లీ దాకా పోతున్నారు, లెక్క వేశారా?



కాస్త పొడుగ్గా రాస్తున్నా, తీరిగ్గా చదవండి. కొందరికి కోపం రావచ్చు. వచ్చినా పర్లేదు.

మన వైపు ఒక పిచ్చి పట్టుకుంది. బండి పాతదైంది, మార్చాలి అనుకోగానే ఎవడో ఒక మధ్యవర్తి ఫోన్లో ఫొటో చూపిస్తాడు. ఢిల్లీ బండి, డీజిల్, ఒకే ఓనరు, ఇక్కడి రేటు కన్నా లక్షన్నర తక్కువ. అంతే, అడ్వాన్సు కొట్టేస్తున్నారు. నేను అనేది ఒక్కటే. ఆ బండి చవక కాదు. రైతుకి అసలే కాదు.

అది ఎందుకు తక్కువకి వస్తుందో ముందు తెలుసుకోండి. పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ ప్రాంతంలో తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని బలపరిచింది. ఆ తర్వాత అమలు మీద ఎన్ని మలుపులు తిరిగినా అక్కడి ఓనరుకి భయం మాత్రం పోలేదు. ఎనిమిదో ఏడో తొమ్మిదో ఏడో రాగానే వచ్చినకాడికి వదిలించుకుంటాడు. తప్పేం లేదు, వాడి అవసరం వాడిది. కానీ వాడు వదిలించుకునేదాన్ని మనం పదిహేడు వందల కిలోమీటర్ల అవతల నుంచి ఎదురెళ్ళి తెచ్చుకుంటున్నాం.

ఇప్పుడు ఖర్చు రాయండి. మధ్యవర్తి కమీషన్. బండి తెచ్చే డ్రైవరు, డీజిల్, టోల్ గేట్లు, లేదా లారీ మీద బాడుగ. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ. ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు. ఈ లైఫ్ ట్యాక్స్ సంగతి మధ్యవర్తి చెప్పడు, చెప్పినా సగం చెప్తాడు. అడ్వాన్సు ఇవ్వకముందే మీ ఆర్టీఓ ఆఫీసుకెళ్ళి, ఫలానా మోడల్, ఫలానా సంవత్సరం, ఎంత కట్టాలి అని అడిగి కాగితం మీద రాసుకోండి. వేరే రాష్ట్రం నంబరు మీద ఏడాదికి మించి ఇక్కడ తిప్పడానికి చట్టం ఒప్పుకోదు. ఇంకోటి, 15 ఏళ్ళ రిజిస్ట్రేషన్ లెక్క ఇక్కడికొచ్చాక కొత్తగా మొదలవదు. తొమ్మిదేళ్ళ బండి కొంటే మిగిలేది ఆరేళ్ళే. ఇవన్నీ కలిపితే ఆ లక్షన్నరలో ఎంత మిగిలిందో మీరే చూడండి.

"రీడింగ్ ఎనభై వేలే ఉంది" అంటారు. సరే, రీడింగ్ తిప్పలేదనే అనుకుందాం. మనం పాత ట్రాక్టర్ కొనేటప్పుడు ఏం చూస్తాం? గంటలు చూస్తాం. కారు కూడా అంతే. ఊరి ట్రాఫిక్కులో గంటకు 20 కిలోమీటర్ల లెక్కన ఎనభై వేలు తిరిగితే ఆ ఇంజన్ 4,000 గంటలు ఆడినట్టు. హైవే మీద గంటకు 50 లెక్కన తిరిగింది 1,600 గంటలే. రెండిటి మీటర్లోనూ ఎనభై వేలే కనపడుతుంది. క్లచ్చి, టర్బో మాత్రం నిజం చెప్తాయి, అదీ మీరు కొన్నాక.

నాదీ మార్చాల్సిన బండే. 2012 మోడల్ బొలెరో, రెండు లక్షల డెబ్బై వేలు దాటింది. అది మోసిన మందు డబ్బాలకీ మిర్చి టిక్కీలకీ లెక్క లేదు. దాని స్థానంలో చిన్న ఎస్‌యూవీ చాలని నా ఉద్దేశం. "పెద్ద బండి లేకపోతే డొంకల్లో కింద తగులుద్ది" అంటారు గానీ, కంపెనీలు చెప్పిన నేల ఎత్తు చూడండి. పాత బొలెరో 180 మిల్లీమీటర్లు, బ్రెజ్జా 198, డస్టర్ 205, నెక్సాన్ 209. బానెట్ పెద్దదైతే ఎత్తు పెరగదు, ఈఎంఐ పెరుగుద్ది.

ఇక డీజిలా, పెట్రోలా. నెలకి 500 కిలోమీటర్లు తిరిగే రైతుని తీసుకోండి. ఏడాదికి 6,000. డీజిల్ లీటరుకి 18, పెట్రోలు 14 ఇస్తుందనుకుందాం. డీజిల్ 97 రూపాయలు, పెట్రోలు 110 అనుకుంటే, డీజిల్ ఖర్చు సుమారు 32 వేలు, పెట్రోలు ఖర్చు 47 వేలు. తేడా ఏడాదికి పదిహేను వేలు. ముసలి డీజిల్‌కి ఒక్కసారి ఇంజెక్టర్లో టర్బోనో పట్టుకుంటే రెండు మూడేళ్ళ ఆదా ఒక్క రోజులో మెకానిక్ చేతిలో పెడతాం. పోనీ కొత్త మోడల్ డీజిల్ కొందామా అంటే, 2020 ఏప్రిల్ నుంచి అమ్మినవన్నీ బీఎస్-6. వాటి డీజిల్ ఇంజన్లకి పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది. బండి బాగా వేడెక్కి కాసేపు ఒకే జోరు మీద నడిస్తేనే ఆ మసి కాలిపోతుంది. ఇంటి నుంచి చేనుకి మూడు కిలోమీటర్లు, చేను నుంచి ఎరువుల కొట్టుకి నాలుగు, ఇట్టా తిప్పితే అది పూడుకుపోతుంది. నెలకి పదిహేను వందలు, రెండు వేలు తిరిగేవాళ్ళు, వారానికి నాలుగు సార్లు గుంటూరు యార్డుకి పొయ్యేవాళ్ళు డీజిల్ కొనండి, కాదనను. మిగతావాళ్ళకి పెట్రోలే నయం.

అప్పు దగ్గర ఇంకా జాగ్రత్త. "రూపాయి వడ్డీనే అన్నా" అంటాడు ఫైనాన్సు కుర్రాడు. మూడు లక్షలకి మూడేళ్ళు, వడ్డీ లక్షా ఎనిమిది వేలు, నెలకి 11,333. నెలనెలా అసలు తీరుస్తున్నా వడ్డీ మాత్రం చివరిదాకా మొత్తం మూడు లక్షల మీదే వేశాడు. తీరిన అసలు తీసేసి లెక్కేస్తే పడేది నూటికి నెలకి రూపాయి ముప్పావు. ఊళ్ళో ఎవరన్నా ఆ వడ్డీ అడిగితే రచ్చబండ దగ్గర పంచాయితీ పెడతాం. అక్కడేమో నవ్వుతూ సంతకం పెడతాం. పైగా మనకి డబ్బు వచ్చేది పంట మీద, ఏడాదికి ఒకసారో రెండుసార్లో. ఈఎంఐ మాత్రం ప్రతి నెలా వస్తుంది. సగానికి మించి సొంత డబ్బు లేకపోతే బండి మార్చొద్దు. పాతదానికే ముప్పై వేలు పెట్టి ఇంకో ఏడాది నడపండి.

మరి ఎక్కడ కొనాలి? చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది మన పని. పక్క మండలంలో బ్యాంకు ఉద్యోగి బండో, మాస్టారి బండో ఉంటుంది. దాన్ని ఏ షోరూంలో సర్వీసు చేయించారో వెళ్ళి అడగొచ్చు. ఆ ఇంజన్ మన మెకానిక్ చేతికి అలవాటై ఉంటుంది. ఏదన్నా తేడా వస్తే అమ్మినాయన కళ్ళెదురుగా ఉంటాడు. ఇరవై వేలు ఎక్కువైనా అదే చవక.

ఎద్దుని కొనేటప్పుడు పళ్ళు చూస్తాం, సుళ్ళు చూస్తాం, కాడికి కట్టి నడిపిస్తాం. కారుని మాత్రం రంగు చూసి కొంటాం! పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు వెళ్ళి స్టార్ట్ చెయ్యండి. వేడి మీద ఏ ఇంజనైనా బాగానే పలుకుతుంది. నీళ్ళలో మునిగిన బండ్లు కూడా అమ్మకానికొస్తాయి. 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో అందరం టీవీలో చూశాం. సీటు బెల్టు చివరిదాకా లాగండి, బురద మరక ఉంటే తెలిసిపోతుంది. కింద పరిచిన మ్యాటు ఎత్తి వాసన చూడండి, సీటు బోల్టులకి తుప్పుందేమో చూడండి. ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఫైనాన్సు ఉందా, ఇన్సూరెన్సు బతికుందా, చూసుకోండి. బేరం దగ్గర ఇంకోటి గుర్తుంచుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. కొత్తదే తగ్గితే పాతది ఎందుకు తగ్గదు అని అడగండి.

ఆఖరుది, మీ పాత బండి. తెలిసినవాడే కదా అని ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టిచ్చి వదిలెయ్యకండి. ఆర్‌సీలో పేరు ఎవరిదుంటే చట్టం దృష్టిలో ఓనరు వాళ్ళేనని, ప్రమాదం జరిగితే నష్టపరిహారం బాధ్యత కూడా వాళ్ళదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. మీరు అమ్మి రెండేళ్ళయినా సరే, పేరు మారకపోతే, దానికి ఇన్సూరెన్సు కూడా లేకపోతే, ఆ పరిహారం మీ పొలం మీదకొస్తుంది. కొన్నవాణ్ణి వెంటబెట్టుకెళ్ళి పేరు మార్పించాకే మిగతా పని చూసుకోండి.

ఢిల్లీ బండి తెచ్చుకుని బాగున్నవాళ్ళు లేరా అంటే ఉంటారు. వర్షం పడుద్దని ఎరువు చల్లితే ఒక్కోసారి పడుద్ది కూడా. దాన్ని సేద్యం అనం కదా.