కారులో ఏసీ మీట ఎవరి చేతిలో ఉంది?

ఈ కాలపు కార్లకి ఏసీ తప్పనిసరా అని పదేళ్ల కిందట ఎవరైనా అడిగితే తడుముకోకుండా "అక్కర్లేదు" అనేదాన్ని. అద్దం దించుకుంటే గాలి రాదూ! చిన్నప్పుడు అంబాసిడర్‌లో తొమ్మిదిమందిమి ఇరుక్కుని ఊళ్లు తిరగలేదూ! ఏసీ అంతా డాబుకే అనుకునేదాన్ని.

కిందటేడు మే ఆఖరులో బంధువుల పెళ్లికి గుంటూరు నుంచి రెంటచింతల బయల్దేరాం. (ఎండలకి పేరుమోసిన ఊళ్లో, అదీ రోహిణి కార్తెలో ముహూర్తం పెట్టినవాళ్లని ఏమనాలో మీరే చెప్పండి.) సత్తెనపల్లి దాటాక మావారు "పెట్రోలు తాగేస్తోంది" అంటూ ఏసీ ఆపి అద్దాలు దించారు. వెనకసీట్లో నా పక్కన డెబ్భైరెండేళ్ల అత్తయ్య. వడదెబ్బ తగలకుండా కొంగున ఉల్లిపాయ ముడేసుకున్నారు. వేడిగా ఉందని ఒక్క మాట అనలేదు. పిడుగురాళ్ల సున్నపుబట్టీలు వచ్చేసరికి ఆవిడ మాట తడబడింది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. తడిగుడ్డతో తుడుస్తూ, ఏసీ వేసి ఆసుపత్రికి పరిగెత్తాం. సెలైన్ ఎక్కించాక తేరుకున్నారు. పెళ్లి ఎలా జరిగిందో మాకు తెలీదు.

మావారికి తల్లంటే ప్రాణం. ఆయన లెక్కా అబద్ధం కాదు. ఏసీ కంప్రెసర్ తిరిగేది ఇంజను బలంతోనే కాబట్టి పెట్రోలు కొంత ఎక్కువే అవుతుంది. కానీ హైవే మీద వేగంగా పోతూ అద్దాలు దించితే గాలి అడ్డుపడి అప్పుడూ పెట్రోలు ఖర్చవుతుంది. మన ఒంటివేడి 37 డిగ్రీలు. బయట 45 ఉంటే ఆ గాలి చల్లబరుస్తుందా, కాలుస్తుందా? చెమట పట్టి ఆరితేనే ఒళ్లు చల్లబడేది. ముసలివాళ్లకి ఆ చెమటా సరిగా పట్టదు. 2015 మేలో వడగాడ్పులకి మన రెండు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా పోయారు.

2025 అక్టోబరు నుంచి తయారయ్యే పెద్ద లారీల్లో డ్రైవరు క్యాబిన్‌కి ఏసీ ఉండి తీరాలని కేంద్రం నిబంధన పెట్టింది. లారీలో అవసరమైంది మన కారులో విలాసమెలా అవుతుంది? 2024 ఏప్రిల్‌లో హైదరాబాద్ క్యాబ్ డ్రైవర్లు వచ్చే కిరాయికి గిట్టదని ఏసీ వేయం అన్నప్పుడు నాకు కోపం రాలేదు. వాళ్ల పొదుపు పొట్టకూటికి. పెళ్లికి పట్టుచీరలు కొన్న మాకు లీటరు పెట్రోలు దగ్గర పొదుపేమిటి?

అలాగని మా తోటికోడలిలా పుష్యమాసం పొద్దున్న కూడా అద్దాలు బిగించుకోవడం నాకు నచ్చదు. ఎండలో నిలబెట్టిన కారెక్కేటప్పుడు ముందు తలుపులు తెరిచి వేడిగాలి పోనివ్వాలి. వానలో అద్దానికి ఆవిరి పడితే మాత్రం ఏసీ వేయాల్సిందే. తేమ లాగేసి దారి కనిపించేలా చేస్తుంది.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది మన మొహమాటం. తల్లి కొడుకుని అడగదు, అత్తగారి ముందు కోడలు భర్తకి చెప్పదు. ఆ రోజు అంతసేపు నోరుమూసుకుని కూర్చున్నదాంట్లో నేనూ ఉన్నాను. బండి ఆయన నడుపుతున్నారు, మధ్యలో నేనెందుకు అనుకున్నాను.

ఇప్పుడు అత్తయ్యని ముందు సీట్లో కూర్చోబెడుతున్నాం. మీట ఎక్కడుందో మా అబ్బాయి నేర్పించాడు. మొన్న సత్తెనపల్లి దాటగానే ఆవిడే నొక్కారు. మావారు మైలేజీ మాట ఎత్తలేదు.