నాన్న కొన్న జెండాలు

డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం. 1949 నుండీ జరుగుతున్నది. మాజీ సైనికుల, అమరుల కుటుంబాల సహాయార్థం చిన్న చిన్న జెండాలను బడిపిల్లల చేత అమ్మించడం మనందరికీ తెలిసినదే. పిల్లవాడు జెండాల కట్ట ఇంటికి తెస్తాడు, తండ్రి మొత్తం సొమ్ము జేబులోంచి తీసి ఇచ్చేస్తాడు, జెండాలు పుస్తకాల సంచి అడుగున నలుగుతాయి. నిధికి డబ్బు చేరింది, నిజమే. అమ్మినదెవరు?

స్కౌటు ఉద్యమంలో దీనికొక చక్కని మాట ఉన్నది: ఖరీ కమాయీ. అసలైన సంపాదన అని అర్థం. బ్రిటనులో 1949లో మొదలైన 'బాబ్-ఎ-జాబ్' వారానికి ఇది మన దేశపు చుట్టం అనుకోవచ్చు. పిల్లవాడు ఏదో ఒక పని చేసి, దాని ప్రతిఫలాన్ని దళానికి తెస్తాడు. కబ్, బుల్‌బుల్ దళాలలో ఉండేవారు మరీ పసివారు. వారికి సాయం అక్కరలేదని నేననను. ఆ సాయం ఎక్కడ ఆగాలన్నదే నా పేచీ.

అమెరికాలోని మనవాళ్ళకు ఈ పేచీ బాగా తెలుసు. గర్ల్ స్కౌట్ల బిస్కెట్ల అమ్మకం 1917లో ఓక్లహోమాలోని మస్కోగీలో పుట్టింది. ఇప్పుడు కిండర్‌గార్టెన్ పిల్లలు సైతం అమ్ముతున్నారు. అమ్మకం పిల్లది, పెద్దలు తోడు మాత్రమే అన్నది ఆ సంస్థ మాట. నాన్న ఆఫీసులో ఆర్డరు కాగితం తిప్పితే ఆ మాట ఏమైనట్టు?

ఆర్మూరు పసుపు పండే ఊరు. ఉడికించిన కొమ్ములు కళ్లాలలో ఎండే కాలంలో ఊరి గాలికే ఆ వాసన. ఇక్కడి రైతుబిడ్డలకు బేరం కొత్త కాదు. నిజామాబాదు యార్డుకు సరుకు తోలిన తండ్రి ఏ ముఖంతో తిరిగి వచ్చాడో చూసి ధర తెలుసుకుంటారు. ఇటువంటి చోట పిల్లల దళం నిధి కోసం పసుపు పొట్లాలే అమ్మాలి. కొమ్ములు మర పట్టించడం పెద్దల పని. చెంచాతో నింపడం, త్రాసు ముల్లు చూడడం, పొట్లం మీద ధర వ్రాయడం ఆరేళ్ళవాడు చేయగలడు. చేతులు, చొక్కా పచ్చబడతాయి, కానివ్వండి.

అమ్మేటప్పుడు పెద్దవారు రెండడుగులు వెనుక నిలవాలి. తెలియని గడప పిల్లలను ఒంటరిగా ఎక్కనివ్వరాదు. "పెద్దనాయినా, పసుపు కొంటరా?" అన్న మాట మాత్రం పిల్లదాని నోటనే రావాలి, నిముషం పట్టినా సరే. "వద్దు బిడ్డా" అన్న జవాబూ దాని చెవినే పడాలి.

పెద్దలు చేయి వేస్తే నిధి పెరుగుతుంది కదా అనేవారున్నారు. పెరుగుతుంది. కాని ఎక్కువ అమ్మినవారికి బహుమతి పెట్టిన చోట గెలిచేది షావుకారు కొడుకు. బీడీలు చుట్టే తల్లి బిడ్డ కాదు. ఆ బహుమతిని ముందు ఎత్తివేయాలి. ఒక్కొక్కరికి ఐదు పొట్లాలు, అందరికీ సమానంగా ఇవ్వండి. మిగిలినవి సాయంత్రం తిరిగి డబ్బాలోకి వెళ్ళాలి, అమ్మానాన్నల వంటింటికి కాదు.