ఇంటిపై హక్కు ఉన్నా నివాసానికి గడువే

పుదుచ్చేరి: ఐరోపాలో చలి ముదిరే వేళకు పుదుచ్చేరి వచ్చి, ఇక్కడ ఎండలు ముదరకముందే తిరిగి వెళ్లే విదేశీయులు ఈ పట్టణానికి కొత్త కాదు. గూబెర్ అవెన్యూకు వెనుకనున్న పాత ఫ్రెంచి పేటలో ఇల్లు అద్దెకు తీసుకొని ఏటా అదే గడప తొక్కేవారు కొందరు. పూర్వీకుల నుంచి సంక్రమించిన ఇంటికి యజమానులుగా వచ్చేవారు మరికొందరు. ఇంటి తాళంచెవి చేతిలో ఉన్నంత మాత్రాన ఆ ఇంట్లో ఎంతకాలమైనా ఉండవచ్చునా అన్న ప్రశ్న వీరందరికీ ఎదురవుతున్నది. భారత చట్టం చెప్పే సమాధానంలో సందిగ్ధత లేదు. ఆస్తి హక్కు వేరు, నివాస హక్కు వేరు. ఒకటి ఉన్నంత మాత్రాన రెండవది దానంతటదే రాదు.

పర్యాటక వీసాల విషయంలో గత దశాబ్దంలో ప్రభుత్వం ఉదారంగా వ్యవహరించిన మాట వాస్తవం. 2014 నవంబరులో ప్రారంభమైన ఎలక్ట్రానిక్ వీసా విధానం క్రమంగా విస్తరించి, ఏడాది, అయిదేళ్ల కాలపరిమితి గల వీసాలు కూడా అందుబాటులోకి వచ్చాయి. అయితే అయిదేళ్ల వీసా అంటే అయిదేళ్ల నివాసం కాదు. ఒక క్యాలెండరు సంవత్సరంలో దేశంలో గడిపే రోజులు మొత్తం మీద 180కి మించరాదు. పర్యాటక వీసాను దేశంలో ఉండగానే పొడిగించుకోవడానికి గానీ, మరో రకం వీసాగా మార్చుకోవడానికి గానీ సాధారణంగా వీలు లేదు. 2009 డిసెంబరులో విధించిన మరో నిబంధన ప్రకారం పర్యాటకులు ఒకసారి వెళ్లిన తర్వాత రెండు నెలలు గడిస్తే తప్ప తిరిగి రావడానికి వీలుండేది కాదు. శీతాకాలపు నివాసులను తీవ్ర ఇబ్బందులకు గురిచేసిన ఆ నిబంధనను 2012 డిసెంబరులో కొన్ని దేశాల పౌరులకు మినహా ఎత్తివేశారు.

కొనుగోలుకు ఫెమా అడ్డుకట్ట

ఇక ఇంటి సంగతి. విదేశ మారక నిర్వహణ చట్టం (ఫెమా) 2000 జూన్ 1న అమలులోకి వచ్చింది. దాని కింద రూపొందిన నిబంధనల ప్రకారం, భారత సంతతికి చెందని, భారత్‌లో నివాసి కాని విదేశీయుడు ఇక్కడ స్థిరాస్తి కొనరాదు. నివాసం కోసం అయిదేళ్లకు మించని లీజు తీసుకోవచ్చు, అంతే. దేశంలో నివాసిగా ఉన్నవారి నుంచి వారసత్వంగా సంక్రమించిన ఆస్తిని ఉంచుకోవడానికి మాత్రం చట్టం అనుమతిస్తున్నది. గోవాలో విదేశీయులు ఇళ్లు, భూములు కొంటున్నారన్న ఆందోళన నేపథ్యంలో కేంద్ర ప్రభుత్వం 2009 ఫిబ్రవరిలో ఈ విషయమై వివరణ ఇచ్చింది. పర్యాటక వీసాపై వచ్చి స్థిరాస్తి కొనడం చట్టవిరుద్ధమని అందులో స్పష్టం చేసింది.

ఈ అడ్డుకట్టను తప్పించుకోవడానికి కొందరు ఎంచుకునే మార్గం మరింత ప్రమాదకరమైనది. డబ్బు విదేశీయుడిది, దస్తావేజు స్థానిక మిత్రుడి పేర. 2016 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన బినామీ చట్ట సవరణల ప్రకారం ఇటువంటి ఆస్తిని ప్రభుత్వం జప్తు చేయవచ్చు. నేరం రుజువైతే ఏడాది నుంచి ఏడేళ్ల వరకు జైలు, ఆస్తి మార్కెట్ విలువలో 25 శాతం దాకా జరిమానా తప్పవు. మిత్రుడు మాట తప్పితే ఆస్తి తనదేనని కోర్టుకెక్కే అవకాశం కూడా డబ్బు పెట్టిన వ్యక్తికి లేదు. జీవితకాలపు పొదుపును ఈ విధంగా పణంగా పెట్టేవారికి చట్టం ఏ రక్షణా ఇవ్వదన్నది గమనార్హం.

ఒక మనిషి, మూడు లెక్కలు

దీర్ఘకాలం గడిపేవారిని ఎక్కువగా గందరగోళపరచేది రోజుల లెక్క. వీసా నిబంధన జనవరి నుంచి డిసెంబరు వరకు లెక్కిస్తుంది. ఫెమా, ఆదాయపు పన్ను చట్టాలు ఏప్రిల్ నుంచి మార్చి వరకు లెక్కిస్తాయి. ఉదాహరణకు ఒక పర్యాటకుడు జూలై 5న వచ్చి డిసెంబరు 31 వరకు ఉన్నాడనుకుంటే 180 రోజులు పూర్తవుతాయి. అతడు స్వదేశం వెళ్లి జనవరి 15న తిరిగి వచ్చి మార్చి నెలాఖరు దాకా ఉంటే మరో 76 రోజులు చేరతాయి. ఏ క్యాలెండరు సంవత్సరంలోనూ వీసా నిబంధన ఉల్లంఘనకు గురి కాలేదు. ఆర్థిక సంవత్సరంలో మాత్రం 256 రోజులు గడిచాయి.

ఆదాయపు పన్ను శాఖకు ముఖ్యం రోజులే. 182 రోజులు దేశంలో గడిపిన వ్యక్తి ఆ ఏడాదికి పన్ను లెక్కల్లో నివాసి అవుతాడు. కొత్తగా వచ్చినవారి విదేశీ ఆదాయానికి తొలి సంవత్సరాలలో మినహాయింపు ఉన్నా, ఏటా ఇదే తీరున గడిపేవారు ఆ వెసులుబాటును కోల్పోతారు. అప్పుడు భారత్, ఫ్రాన్స్‌ల మధ్యనున్న ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందమే శరణ్యం. ఫెమా దృష్టి ఇందుకు భిన్నమైనది. దానికి రోజులతో పాటు ఉద్దేశం కూడా ముఖ్యం. ఉద్యోగం, వ్యాపారం లేదా ఎంతకాలమో నిర్ణయం కాని నివాసం కోసం వచ్చినవారినే అది నివాసిగా పరిగణిస్తుంది. పర్యాటకుడి రాకకు గడువు ముందే నిర్ణయమై ఉంటుంది. కనుక 256 రోజులు గడిపినా అతనికి ఇల్లు కొనే అర్హత రాదు. పన్ను కట్టడానికి నివాసి, ఇల్లు కొనడానికి పరదేశి అన్న విచిత్ర పరిస్థితి ఈ విధంగా ఏర్పడుతున్నది.

పుట్టుక కలిపిన బంధం

ఈ నిబంధనలన్నీ దేశమంతటికీ వర్తించేవే. అయినా పుదుచ్చేరికి ఒక ప్రత్యేకత ఉంది. 1954 నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాంల పాలన భారత్ చేతికి వచ్చింది. అప్పగింత ఒప్పందంపై 1956 మే 28న సంతకాలు జరిగినా, అది అమలులోకి వచ్చింది 1962 ఆగస్టు 16న. ఆ రోజున ఇక్కడి ఫ్రెంచి పౌరులు భారత పౌరులయ్యారు. ఇక్కడ పుట్టి ఇక్కడే స్థిరపడినవారు కోరుకుంటే ఆరు నెలల లోగా రాతపూర్వక ప్రకటన ద్వారా ఫ్రెంచి పౌరసత్వాన్ని నిలుపుకోవడానికి ఒప్పందం వీలు కల్పించింది. వేల మంది ఆ అవకాశాన్ని వినియోగించుకున్నారు. అన్నదమ్ములలో ఒకరు ఫ్రెంచి పౌరుడుగా, మరొకరు భారత పౌరుడుగా మిగిలిన కుటుంబాలూ ఉన్నాయి. గోదావరి తీరాన కాకినాడ చెంతనున్న యానాంలోని తెలుగు కుటుంబాలకూ ఈ చరిత్రలో భాగం ఉంది.

ఆరు దశాబ్దాల నాటి ఆ సంతకం నేడు వీసా విషయంలోనూ నిర్ణాయకంగా పరిణమించింది. ప్రవాస భారత పౌరసత్వ (ఓసీఐ) పథకం కింద తొలి కార్డులను 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో అందజేశారు. 1947 ఆగస్టు 15 తర్వాత భారత్‌లో విలీనమైన ప్రాంతానికి చెంది, నేడు మరో దేశ పౌరులుగా ఉన్నవారు కూడా ఈ కార్డుకు అర్హులని పౌరసత్వ చట్టంలోని 7-ఎ సెక్షన్ పేర్కొంటున్నది. వారి పిల్లలు, మనుమలు, మునిమనుమలకు కూడా ఈ అర్హత వర్తిస్తుంది. కార్డు గలవారికి జీవితకాలపు వీసా లభిస్తుంది, ఎంతకాలం ఉన్నా విదేశీయుల నమోదు కార్యాలయంలో పేరు నమోదు చేసుకోనక్కరలేదు. వ్యవసాయ భూములు, తోటలు, ఫారంహౌసులు తప్ప ఇతర స్థిరాస్తిని కొనుక్కోవచ్చు.

పర్యవసానంగా, ఒకే వీధిలో ఇద్దరు ఫ్రెంచి పౌరుల పరిస్థితి పూర్తిగా భిన్నంగా ఉంటుంది. పుదుచ్చేరి మూలాలు గల వ్యక్తి మార్సేలో పుట్టి పెరిగినా ఇక్కడ ఇల్లు కొని ఏడాది పొడవునా ఉండవచ్చు. అటువంటి మూలాలు లేని పొరుగువారు ఇరవై ఏళ్లుగా ఏటా వస్తున్నా అయిదేళ్ల లీజుకు, 180 రోజుల గడువుకు లోబడవలసిందే. ఓసీఐ కార్డు గలవారిని వివాహమాడి రెండేళ్లు నిండినవారికి మాత్రం కొంత వెసులుబాటు ఉంది. వారు కూడా కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు. కార్డు లేకున్నా జీవిత భాగస్వామితో కలిసి ఉమ్మడిగా ఒక స్థిరాస్తి కొనవచ్చు.

మూడవ మార్గం పట్టణానికి ఉత్తరాన, అధిక భాగం తమిళనాడు భూభాగంలో ఉన్న ఆరోవిల్‌లో కనిపిస్తుంది. 1968 ఫిబ్రవరి 28న ప్రారంభమైన ఈ నగరంలో చేరదలచిన విదేశీయులకు ఆరోవిల్ ఫౌండేషన్ సిఫారసుపై ఎంట్రీ వీసా లభిస్తుంది. అక్కడ దీర్ఘకాల నివాసం ఉన్నది గానీ సొంత ఆస్తి లేదు. ఇళ్లు, భూములు 1988 నాటి చట్టంతో ఏర్పడిన ఫౌండేషన్‌కే చెందుతాయి.

ఐరోపాలోనూ ఇదే చర్చ

ఇల్లు ఉన్నవారికి వీసా ఇవ్వాలన్న వాదన భారత్‌కే పరిమితం కాదు. ఐరోపా సమాజం నుంచి వైదొలగిన తర్వాత, 2021 నుంచి ఫ్రాన్స్‌లో రెండో ఇల్లు గల బ్రిటిష్ పౌరులు సైతం ప్రతి 180 రోజులలో 90 రోజులకు మించి వీసా లేకుండా ఉండలేకపోతున్నారు. వారికి దీర్ఘకాలిక వీసా హక్కు కల్పిస్తూ 2023 డిసెంబరులో ఫ్రెంచి పార్లమెంటు ఆమోదించిన నిబంధనను రాజ్యాంగ మండలి 2024 జనవరి 25న కొట్టివేసింది. ఇళ్ల ధరలు, అద్దెలు స్థానికులకు అందకుండా పోతున్నాయన్న విమర్శల నడుమ పోర్చుగల్ 2023లోనూ, స్పెయిన్ 2025 ఏప్రిల్‌లోనూ ఇల్లు కొన్నవారికి నివాస అనుమతి ఇచ్చే పద్ధతికి స్వస్తి చెప్పాయి. పుదుచ్చేరి వంటి చిన్న పట్టణం ఈ అనుభవాన్ని విస్మరించజాలదు. సముద్రతీరాన ఉన్న కొద్దిపాటి వీధులలో విదేశీ ధనం పోటీకి దిగితే స్థానిక కుటుంబాలు తట్టుకోవడం కష్టం.

అటు చట్టం మరింత కఠినమైంది. 2025 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం 1939, 1946 నాటి చట్టాలతో సహా నాలుగు పాత చట్టాల స్థానాన్ని ఆక్రమించింది. గడువు మీరి దేశంలో ఉన్నవారికి మూడేళ్ల వరకు జైలు, లేదా మూడు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. విదేశీయుడికి ఇంట్లో ఆశ్రయమిచ్చినవారు 24 గంటలలోగా ఆ సమాచారం అధికారులకు తెలియజేయవలసి ఉంటుంది. రోజుల లెక్కలో పొరపాటు ఇకపై చిన్న విషయం కాదు.

స్పష్టత అవసరం

భద్రత దృష్ట్యా విదేశీయుల రాకపోకలపై నిఘా అవసరమే. అయితే అయిదేళ్లలో ఖాళీ చేయవలసిన ఇంటికి సున్నపు గోడలు, టేకు దూలాలు బాగుచేయించడానికి ఏ అద్దెదారుడు ముందుకు వస్తాడన్న ప్రశ్నకు కూడా జవాబు ఉండాలి. పుదుచ్చేరి ప్రత్యేకతకు ఆధారమైన పాత ఇళ్ల మనుగడ ఇందులో ఇమిడి ఉంది. ఇంటి కొనుగోలుతో నిమిత్తం లేకుండా, సొంత ఆదాయం, ఆరోగ్య బీమా గల వయోవృద్ధులకు, ఉద్యోగం చేయరాదన్న షరతుతో, తప్పనిసరి నమోదుతో దీర్ఘకాలిక సందర్శక వీసా ఇచ్చే విషయాన్ని కేంద్రం పరిశీలించవచ్చు. పాత ఇళ్ల పునరుద్ధరణకు ముందుకు వచ్చేవారి విషయంలో లీజు గడువును పెంచడం కూడా ఆలోచించదగినదే.

అంతకంటే ముందు చేయదగిన పని ఒకటుంది. వీసా, ఫెమా, పన్ను నిబంధనలను ఒకేచోట సులభమైన భాషలో వివరించే పత్రాన్ని నమోదు కార్యాలయాలలోనూ, రిజిస్ట్రారు కార్యాలయాలలోనూ అందుబాటులో ఉంచాలి. దీనికి చట్ట సవరణ అక్కరలేదు. దస్తావేజుపై సంతకం పెట్టకముందే నిబంధన తెలిస్తే, బినామీ ఉచ్చులో చిక్కుకునేవారి సంఖ్య తగ్గుతుంది.