ఎర్ర బంతి మీద రెండక్షరాలు

మన గడ్డమీద టెస్టు మ్యాచ్ జరిగినప్పుడు బౌలర్ చేతిలోని ఎర్ర బంతి మీద ‘ఎస్‌జీ’ అన్న అక్షరాలు కనిపిస్తాయి. చిన్నప్పుడు మా వీధి పిల్లలందరం వాటిని సునీల్ గవాస్కర్ పొడి అక్షరాలే అనుకునేవాళ్లం. ఆయన ఎస్‌జీ బ్యాటే పట్టడంతో మా నమ్మకం మరింత గట్టిపడింది. కానీ ఆ పేరు ఆయన పుట్టకముందు నుంచే ఉంది.

1931లో సియాల్‌కోట్‌లో కేదార్‌నాథ్, ద్వారకానాథ్ ఆనంద్ అనే అన్నదమ్ములు ‘సాన్స్‌పరేల్స్’ పేరుతో ఆటసామాన్ల వ్యాపారం మొదలుపెట్టారు. ఫ్రెంచిలో ఆ మాటకు సాటిలేనిదని అర్థం. ఎగుమతుల కోసం 1940లో ‘గ్రీన్‌లాండ్స్’ పెట్టారు. ఈ రెండు పేర్ల మొదటి అక్షరాలే ఎస్‌జీ. ఆ తర్వాత ఏడేళ్లకు దేశం రెండు ముక్కలై, సియాల్‌కోట్ అవతలికి పోయింది. ఆనంద్ కుటుంబం ఆగ్రాకు వచ్చి పని మళ్లీ మొదలుపెట్టింది. 1950లో మీరట్ చేరి అక్కడే స్థిరపడింది. అదే దారిలో వచ్చిన ఆటసామాన్లవాళ్లు ఇంకెందరో మీరట్‌లో, జలంధర్‌లో కుదురుకున్నారు. సియాల్‌కోట్‌లోనూ పని ఆగలేదు. 2014 ప్రపంచకప్‌లో ఆడిన బ్రజూకా ఫుట్‌బాల్ అక్కడా తయారైంది. విభజన పాఠంలో రైళ్ల గురించీ, శిబిరాల గురించీ చెబుతాం. చేతిపని సరిహద్దు దాటిన ఈ కథ కూడా మన పిల్లలకు చెప్పాలి.

ఎందుకంటే ఎస్‌జీ బంతిలో ఎక్కువ భాగం చేతిపనే. మధ్యలో కార్క్, దాని చుట్టూ బిగించి చుట్టిన ఊలు దారం, పైన తోలు. నాలుగు తోలు ముక్కల్ని రెండేసి కలిపి కుట్టి రెండు గిన్నెల్లా చేస్తారు. ఆ రెండూ కలిసే చోట ఆరు వరసల కుట్లు పడతాయి. ఆస్ట్రేలియా కూకాబుర్రా బంతికి బయటి వరసల్ని మెషీన్ కుడుతుంది. ఎస్‌జీకి ఆరు వరసలూ చేత్తోనే వేస్తారు. అందుకే దాని సీమ్, అంటే ఆ కుట్ల గీత, ఉబ్బెత్తుగా ఉంటుంది, స్పిన్నర్ వేళ్లకు పట్టు దొరుకుతుంది. ఇంత చేసీ చివరికి తూకం 155.9 నుంచి 163 గ్రాముల మధ్యే ఉండాలి.

2018 అక్టోబరులో ఉప్పల్ టెస్టు ముందు రోజు హైదరాబాద్‌లో అప్పటి కెప్టెన్ విరాట్ కోహ్లీ ఈ బంతి నాణ్యత పడిపోయిందన్నాడు. అయిదు ఓవర్లకే గీతలు పడుతోందని, ఇంగ్లండ్ డ్యూక్స్ బంతే మేలని చెప్పాడు. ఆటగాడిగా ఆ మాట అనే హక్కు అతనికి ఉంది. నన్ను బాధపెట్టింది తర్వాత సాగిన చర్చ. కెప్టెన్, బోర్డు, కంపెనీ, ఈ మూడు పేర్ల దగ్గరే అది ఆగిపోయింది. సూది పట్టినవాళ్లు రోజుకు ఎన్ని బంతులు కుడతారు, బంతికి ఎంత ముడుతుంది, ఆ పని నేర్చుకోవడానికి వాళ్ల పిల్లలు ముందుకొస్తున్నారా? వీటిలో ఒక్క ప్రశ్నా నాకు వినిపించలేదు.

సియాల్‌కోట్ ఫుట్‌బాళ్లు కుట్టే చేతుల్లో పసిపిల్లల చేతులూ ఉన్నాయని లోకం నిలదీశాకే పిల్లల్ని ఆ పని నుంచి తప్పించే అట్లాంటా ఒప్పందం 1997లో వచ్చింది. ఇక్కడ ఆ నిలదీత బీసీసీఐ నుంచే మొదలవ్వాలి; మన టెస్టులకూ రంజీకీ ఎస్‌జీ బంతినే ఎంచుకున్నది అదే. సీమ్ ఎన్ని ఓవర్లు నిలవాలో అడిగే బోర్డు, ఆ సీమ్ కుట్టే మనిషికి బంతికి ఎంత దక్కుతుందో కూడా అడగాలి. వచ్చిన జవాబును స్వదేశీ సీజన్ మొదలయ్యేలోపు బయటపెట్టాలి.