ఫస్ట్ బెల్ కొట్టేలోపు...

ఎనిమిదో తరగతిలో మాకో పేరుండేది. 'లేట్ బ్యాచ్'. ముగ్గురం. మాది దివిసీమలో ఒక పల్లె. హైస్కూలేమో నాలుగు కిలోమీటర్ల అవతల. తొమ్మిదింటికి ప్రేయరు. మేం చేరేసరికి గేటుకి తాళం. ఫస్ట్ పీరియడ్ అయ్యేదాకా బయటే నిలబడాలి, లోపలికెళ్లాక గుంజీలు తీయాలి. వారం రోజులు నిలబడ్డాం. ఆ తర్వాత 'తెలివి' వచ్చింది. ఎలాగూ లేటే కదా, పోయి తిట్లు తినడమెందుకని కాలవ గట్టుకి తిరిగాం. ఈతలు, జామకాయలు, సాయంత్రం బెల్లు వినబడగానే బుద్ధిగా ఇంటికి!

గమనించారా? పది నిమిషాలు లేటయిన పిల్లల్ని ఆ తాళం రోజంతా ఆబ్సెంట్ చేసింది.

ఏటా జూన్‌లో బడులు తెరవగానే సమయపాలన మీద ఉపన్యాసాలు మొదలవుతాయి. కొత్త ప్రోగ్రాం అంటే బ్యానరు, రిబ్బను, గ్రూప్ ఫొటో, వాట్సాప్ స్టేటస్. బాగానే ఉంటుంది. కానీ మర్నాడు ఫస్ట్ బెల్‌కి ఎంతమంది వచ్చారన్నదే అసలు లెక్క.

ఆ లెక్క ఒకసారి మీరే వేసి చూడండి. విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 8 తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, 1,000 బోధనా గంటలు ఉండాలి. రోజూ పావుగంట లేటయితే 220 రోజులకి 55 గంటలు. రోజుకి ఐదు గంటల పాఠాలనుకుంటే 11 రోజులు బడికి రానట్టే. రిజిస్టర్లో మాత్రం వందకి వంద హాజరు! పైగా పోయేది ఎప్పుడూ ఆ ఒక్క పీరియడే. ఫస్ట్ పీరియడ్ లెక్కలైతే ఏడాదంతా లెక్కలే పోతాయి. తర్వాత 'మనకి మ్యాథ్స్ రాదులే' అని మనమే సర్టిఫికెట్ ఇచ్చేసుకుంటాం.

మరి లేటెందుకవుతుంది? బద్ధకం ఒక్కటే అయితే అలారం సరిపోయేది.

విజయవాడలో పాయకాపురం సంగతి చూడండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. పుస్తకాలు, మంచాలు, మిక్సీలు అన్నీ బురదే. నాలుగు నెలల తర్వాత, 2025 జనవరి 4న, అదే పాయకాపురం ప్రభుత్వ జూనియర్ కాలేజీలో విద్యాశాఖ మంత్రి లోకేశ్ ఇంటర్ విద్యార్థులకి డొక్కా సీతమ్మ మధ్యాహ్న భోజన పథకం మొదలుపెట్టారు. రాష్ట్రంలో 475 ప్రభుత్వ జూనియర్ కాలేజీలకి అది వర్తించింది.

అంతకుముందు పరిస్థితి ఏమిటి? టెన్త్ దాకా బళ్లో అన్నం దొరికిన పిల్లకి ఇంటర్లోకి వచ్చేసరికి అది లేదు. అమ్మ ఆరింటికే పనిలోకి వెళ్లిపోతే క్యారేజీ ఎవరు కడతారు? వంట తనే చేసుకుని బయల్దేరితే లేటు. చేసుకోకపోతే మధ్యాహ్నం ఆకలి. ఇక లంచ్ తర్వాత క్లాసులు ఎగ్గొట్టడమే. అప్పుడు దాన్ని 'క్రమశిక్షణ లేకపోవడం' అంటాం. అది ఆకలి!

సైకిలు కూడా అంతే. 2006లో బిహార్ ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరే అమ్మాయిలకి సైకిలు కొనుక్కోమని డబ్బులిచ్చింది. దాని ఫలితాన్ని కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. తగిన వయసులో హైస్కూల్లో చేరే అమ్మాయిల సంఖ్య 32 శాతం పెరిగిందని తేల్చారు. మన రాష్ట్రంలోనూ 'బడికొస్తా' పేరుతో అమ్మాయిలకి సైకిళ్లిచ్చారు. 2025 ఆగస్టు 15 నుంచి 'స్త్రీశక్తి' కింద పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు. చాలా మంచిది. కాకపోతే ఆ బస్సు ఎనిమిదిన్నరకి ఊళ్లోకి రావాలి, ఆపాలి, లోపల నిలబడే చోటుండాలి!

ఇంతకీ మా లేట్ బ్యాచ్ ఏమైందంటారా? దసరా సెలవుల తర్వాత ఒక లెక్కల మాస్టారు బదిలీ మీద వచ్చారు. బ్యానర్లేం కట్టలేదు. ముప్పావు తొమ్మిదికి చింతచెట్టు కింద నల్లబోర్డు పెట్టి ఒక పొడుపు లెక్క రాసేవారు. జవాబు ప్రేయరు బెల్లు కొట్టేముందే చెప్పేవారు, మళ్లీ చెప్పేవారు కాదు. ఆ జవాబు మిస్సవడం ఎంత కష్టమో, వెబ్ సిరీస్ చివరి ఎపిసోడ్ మిస్సయ్యేవాళ్లకి తెలుస్తుంది. గేటు తాళం కూడా తీయించేశారు.

ఆ తర్వాత మమ్మల్ని పిలిచి, "ఎందుకు లేటవుతోందిరా?" అని అడిగారు. అప్పటిదాకా ఆ ప్రశ్న తిట్టులాగే విన్నాం. ఆయన నిజంగానే అడిగారు. మా వాడొకడికి సైకిలు వాళ్ల అక్కతో వాటా. వాణ్ణి ఎక్కించుకు రమ్మని ఒక టెన్త్ అన్నయ్యకి అప్పజెప్పారు. నాది మాత్రం శుద్ధ నిద్ర. నాకు శిక్షేమిటో తెలుసా? రోజూ ఫస్ట్ బెల్ కొట్టే పని! బెల్లు కొట్టాల్సినవాడు లేటుగా ఎలా వస్తాడు?

మూడోవాడి వంతు వచ్చేసరికి వాడు లేడు. మాస్టారు రావడానికి నెల ముందే బడి మానేశాడు. తెల్లారే లేచి గేదెల పాలు తీసి, కేంద్రంలో పోసి, చెల్లెలికి అన్నం పెట్టి వచ్చేవాడట. మాస్టారు రెండుసార్లు వాళ్లింటికి వెళ్లొచ్చారు. అప్పటికే వాడు చేపల చెరువు దగ్గర పనికి కుదిరిపోయాడు. ఇక రాలేదు. వాడితో రోజూ కాలవలో ఈదిన నేను, 'ఎందుకు లేటవుతున్నావురా' అని ఒక్కసారీ అడగలేదు.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ... మీది నా టైపు లేటయితే రాత్రి ఫోన్ పక్క గదిలో పెట్టి పడుకోండి. అంతకన్నా పెద్ద చిట్కా లేదు. టీచరమ్మలూ, మాస్టార్లూ ఇది చదువుతుంటే, కొత్త ప్రోగ్రాం ఏది మొదలుపెట్టినా మొదటి పది నిమిషాల్లో పిల్లలు మిస్ కాకూడదనుకునేది ఒకటి పెట్టండి.

రేపు మీ క్లాసులో ఎవరైనా ఆయాసపడుతూ తలుపు దగ్గర నిలబడితే నవ్వకండి. పక్కన చోటివ్వండి. ఇంటర్వెల్లో మెల్లగా అడగండి, "ఏమైందిరా, ఎందుకు లేటయింది?" అని.