ఆటలో దెబ్బయు, ఆటగానికి శిక్షయు

మన పాఠశాలాపత్రికలో ఆటలనుగూర్చి వ్రాయునప్పుడు గెలిచిన పందెములను లెక్కించుటయు, కప్పుతో కూర్చున్న జట్టు ఛాయాపటమును ముద్రించుటయు వాడుక. ఆ పని ఈ సంచికలో వేరొకచోట జరిగియున్నది. మేమిక్కడ వ్రాయదలచినది కప్పునుగూర్చి కాదు. గడచిన సంవత్సరము పాఠశాలల మధ్య జరిగిన యొక చెడుగుడు పందెములో మన పిల్లవాడొకడు కూతకు పోయి పట్టుబడెను. కూత ఆగినది, ఈల మ్రోగినది. అటుపిమ్మట వెనుకనుండి మరియొకడు వచ్చి వాని మెడమీద పడుటచేత వాడు మంటిలో బోర్లపడెను. భుజపుటెముక విరిగినది. ఎముక అతుకుకొన్నది గాని, పుస్తకము తెరచినంతనే తలనొప్పి వచ్చుటచేత వాడు కొన్నివారములు తరగతికి రాలేకపోయెను. ఆ పందెము ఏ యూర జరిగినది, ఎదుటివారెవరు అను సంగతి యిక్కడ అనవసరము. పడినవాడు పరాయివాడును, మీదపడినవాడు మనవాడును అయియున్నను మేమీ మాటలే వ్రాసియుందుము.

దానిమీద మనలో రెండు అభిప్రాయములు బయలుదేరినవి. కొందరు తలిదండ్రులు చెడుగుడును మాన్పింపుడనిరి. బిడ్డలను బడికి పంపినది చదువుకొనుటకే గాని ఎముకలు విరుగగొట్టుకొనుటకు కాదనిరి. కొందరు విద్యార్థులు, ముఖ్యముగా పై తరగతులవారు, వచ్చే పందెమునకు బదులు తీర్చుకొందుమని గుసగుసలాడిరి. మొదటి మాట ప్రేమచేత పుట్టినది, రెండవది పౌరుషముచేత పుట్టినది. రెండును మాకు సమ్మతములు కావు.

చెడుగుడును మానుట యనగా నేమి? శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో బంతి కొనలేని పల్లె యుండవచ్చును గాని చెడుగుడు బరి గీయలేని పల్లె లేదు. కాలి బొటనవ్రేలితో ఇసుకలో గీత గీచిన చాలును. పలాస జీడితోటల నీడను, కళింగపట్నపు రేవు ఇసుకలోను, నాగావళి యొడ్డునను ఒక్క పైస ఖర్చులేక ఆడదగిన యాట యిది. 1936లో బెర్లిను ఒలింపిక్సు సమయమున అమరావతినగరపు హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలివారు ఈ యాటను అక్కడ ప్రదర్శించిరి. 1990లో బీజింగున జరిగిన ఆసియాక్రీడలలో పతకములిచ్చు ఆటగా దీనిని చేర్చిరి. బీదబాలునికి కీర్తి నిచ్చుచున్న యాటను ఒకని తప్పుచేత అందరికిని మాన్పుట న్యాయము కాదు.

మరియు ఈ యాటకు నియమములు లేవా? ఉన్నవి. కూతకు వచ్చినవాని నోరు మూయరాదు, గొంతు పట్టరాదు, రెండు కాళ్లతో కత్తెరవేసి పట్టరాదు, గాయమగునట్లు మోటుగా పట్టరాదు, కావలెనని గీత దాటునట్లు నెట్టరాదు. తప్పుచేసినవానికి ఆకుపచ్చకార్డు హెచ్చరిక. పసుపుకార్డు చూపిన రెండు నిమిషములు బరి వెలుపల. ఎఱ్ఱకార్డు చూపిన ఆ పందెమంతయు వెలుపల. కనుక నియమము లేకపోవుటచేత మన పిల్లవాడు పడలేదు. నియమమును వెంటనే నడిపించు చేయి లేకపోవుటచేత పడినాడు. మన పందెములలో మధ్యవర్తిగా నుండువారు తరచుగా ఏదో యొక పాఠశాల డ్రిల్లు మాష్టరుగారే. ఎండలో నిలిచి, చుట్టును వందలమంది అరచుచుండగా, ఆతిథ్యమిచ్చిన యూరి జట్టుకు ముఖ్యుడైన ఆటగానిని బయటికి పొమ్మని చెప్పుటకు ఎంత ధైర్యము కావలెనో మేమెరుగుదుము. ఆ ధైర్యము ఆయన యొక్కనియందే యుండవలెనని కోరుట అన్యాయము. ఆ బరువును పాఠశాలలన్నియు పంచుకొనవలెను.

ఇట్టి చిక్కును మనకంటె ముందుగా అనుభవించి, కొంతవరకు విప్పుకొన్న దేశమొకటి యున్నది. అది మనకు పరాయిది కాదు. కెనడాదేశపు తూర్పుతీరముననున్న నోవాస్కోషియా, న్యూబ్రన్స్‌విక్ మున్నగు మండలముల బాప్తిస్టు సంఘములు 1873లో పంపిన మిషనరీలు మొదట సయాముదేశమునకు పోయి, 1875లో తెలుగుదేశమునకు చేరి, పిమ్మట భీమునిపట్టణము, బొబ్బిలి, శ్రీకాకుళము మున్నగుచోట్ల స్థిరపడిరి. వారి చిన్ననాటి యాట మంచుహాకీ. మన పిల్లలు వేసవిలో ఎండిన చెరువుగర్భమున ఆడునట్లు అక్కడి పిల్లలు చలికాలమున గడ్డకట్టిన చెరువుపై ఆడుదురు. కాలికి ఉక్కు అంచుగల జోళ్లు, చేత వంకకర్ర, బంతికి మారు రబ్బరుబిళ్ల. కట్టిన స్థలములలో చుట్టును చెక్కగోడ యుండును. బిళ్ల యెవనియొద్ద నున్నదో వానిని భుజముతోను తుంటితోను ఢీకొని తప్పించుట ఆ యాటలో పెద్దలకు న్యాయమే. మన చెడుగుడులో పట్టు ఎట్లో అక్కడ ఢీ అట్లు. అయితే గోడవైపు తిరిగియున్నవానిని వెనుకనుండి నెట్టినయెడల తల ముందుగా పోయి గోడకు తగులును. మెడ విరిగి, కాళ్లు చేతులు పడిపోయి, జీవితమంతయు చక్రాలకుర్చీలో గడపవలసివచ్చిన బాలురు అక్కడ కలరు. టొరంటోనగరపు శస్త్రవైద్యుడు చార్లెస్ టేటర్ అట్టివారిని లెక్కించి 1980 దశకమున లోకమునకు తెలిపెను. వెనుకనుండి ఢీకొనుటను ప్రత్యేకాపరాధముగా శిక్షింప మొదలిడిరి. తరువాత అట్టి ఘోరగాయములు తగ్గినవి. అక్కడి పిల్లల చొక్కా వీపున ఎఱ్ఱని ‘స్టాప్’ గుర్తును కుట్టు వాడుకయు వచ్చెను. బాటమీద బండిని ఆపు గుర్తే అది. ధరించినవానికి అది కనబడదు, వెనుకనుండి వచ్చువానికే కనబడును.

మమ్ము ఎక్కువగా ఆలోచింపజేసినది వేరొక సంగతి. పదునొకండు, పండ్రెండేండ్ల పిల్లలను ఢీకొననియ్యవలెనా వలదా యని ఆ దేశమున చాలకాలము వాదము జరిగినది. చిన్ననాడే నేర్వనివాడు పెద్దయైనపిమ్మట దెబ్బతినునని యొకరు, లేత ఎముకలతో ఈ చెలగాట మేలయని యొకరు. అల్బర్టా మండలమున ఆ వయస్సువారికి ఢీ అనుమతింపబడియుండెను. క్విబెక్కున నిషిద్ధమై యుండెను. కాల్గరీ విశ్వవిద్యాలయపు కెరొలిన్ ఎమరీయు, ఆమె సహచరులును 2007–08 ఆటకాలమున రెండుచోట్లను గాయములను లెక్కించి 2010లో ప్రకటించిరి. అల్బర్టాలో 1,108 మంది పిల్లలలో 241 గాయములు, వానిలో 78 మెదడదురుటలు. క్విబెక్కులో 1,046 మందిలో 91 గాయములు, వానిలో 23 మెదడదురుటలు. అల్బర్టాపిల్లలు దుష్టులును, క్విబెక్కుపిల్లలు సాధువులును కారు. ఆట ఒకటే, మంచు ఒకటే, వయస్సు ఒకటే. పెద్దలు పెట్టిన నియమము మాత్రము వేరు. 2013లో ఆ దేశపు హాకీసంఘము ఆ వయస్సువారికి దేశమంతటను ఢీని మాన్పినది. ఆటను మాన్పలేదు. ఈ భేదమును చెడుగుడు వలదన్న తలిదండ్రులు గమనింతురుగాక.

మంచుహాకీలో మాకు నచ్చిన మరియొక యేర్పాటు శిక్షాస్థానము. తప్పుచేసినవానిని ప్రక్కనున్న చిన్న కొట్టులో రెండు నిమిషములో, అయిదు నిమిషములో కూర్చుండబెట్టుదురు. సాధారణముగా ఆ కాలమున వాని స్థానమున మరియొకడు రాడు. జట్టు ఒకడు తక్కువగా ఆడవలెను. ఒకని తొందరపాటునకు స్నేహితులు చెమటోడ్చుచుండగా వాడు అద్దము వెనుకనుండి చూచుచుండును. బెత్తము దెబ్బకంటె ఇది ఎక్కువగా నాటునని మా నమ్మకము. మన చెడుగుడులోని పసుపుకార్డును నిజముగా చూపినచో ఆ ఫలమే కలుగును. పాఠశాలల పందెములలో దాని రంగు చూచిన పిల్లలు ఎందరో అడిగి చూడుడు.

శిక్ష యనగా పెద్దవారి కోపము కాదు. దీనికి మన ప్రాంతముననే పాతముచ్చట యొకటి కలదు. విజ్జీగారి పేర ఆటస్థలము గల విజయనగరమువారికి ఇది అంతగా రుచింపకపోవచ్చును. 1936లో విజయనగర మహారాజకుమారుడు విజ్జీ నాయకుడుగా భారతదేశపు క్రికెట్టుజట్టు ఇంగ్లండునకు పోయినప్పుడు, జట్టులో మేటియైన లాలా అమరనాథును క్రమశిక్షణకు లోబడలేదని మొదటి టెస్టుపందెమునకు ముందే ఓడ యెక్కించి యింటికి పంపిరి. పిమ్మట బొంబాయి హైకోర్టు ప్రధానన్యాయమూర్తి సర్ జాన్ బోమంటుగారు విచారణ జరిపి, 1937లో, ఆ నేరారోపణలు నిలువవని తేల్చిరి, నాయకత్వముననే లోపమున్నదనిరి. ఒకరికి నచ్చనివాడు శిక్షింపబడుట వేరు, ఒక కార్యము శిక్షింపబడుట వేరు. కూత ఆగినపిమ్మట మీద పడుట, మెడ పట్టుట, జుట్టు లాగుట: ఇట్టి కార్యములను ముందుగా పేరుపెట్టి చెప్పి, చేసినవాడెవడైనను, కెప్టెనైనను, పెద్దయింటి బిడ్డయైనను, ఆ క్షణముననే బయటికి పంపవలెను. ఆట ముగిసినపిమ్మట హెడ్మాష్టరుగారి గదిలో చీవాట్లు పెట్టుట దానికి సాటిరాదు.

బలమును అణచుకొనుమనుట పిల్లలను పిరికివాండ్రను చేయుట యని కొందరందురు. వారు కోడి రామమూర్తినాయుడుగారిని జ్ఞాపకము చేసికొందురుగాక. వీరఘట్టమున పుట్టి, మద్రాసు సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, విజయనగరపు ఉన్నతపాఠశాలలో డ్రిల్లు మాష్టరుగా పనిచేసిన ఆయన, 1942లో మరణించునాటికి కలియుగభీముడని పేరుపొందిరి. ఱొమ్మును పొంగించి ఇనుపగొలుసును త్రెంచిరి. ఱొమ్ముమీద ఏనుగును నిలుపుకొనిరి. ఆ బలమును గొలుసుమీదను ఏనుగుక్రిందను చూపిరి గాని, పట్టుబడిన వాని మెడమీద చూపలేదు. మన తెలుగు బైబిలులో తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక రెండవ అధ్యాయమున ‘జెట్టి’ యను మాట యున్నది. నియమమును దాటిన జెట్టికి బహుమానము లేదనుట అక్కడి తాత్పర్యము. ఆదివారము బడిలో ఆ భాగమును చదివించు ఉపాధ్యాయులు ఈ సంవత్సరము దానిని మన యాటస్థలమువరకు తెచ్చి బోధింతురని కోరుచున్నాము.

తలకు తగిలిన దెబ్బనుగూర్చి ఒక మాట ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. తల తిరుగుచున్నదన్న పిల్లవానికి ముఖమున నీళ్లు చల్లి, నిమ్మకాయ సోడా యిచ్చి, వీపు తట్టి మరల బరిలోనికి పంపుట మన యలవాటు. ఇది మహాపాయకరము. స్మృతి తప్పలేదు గనుక ఏమియు కాలేదనుకొనరాదు. మెదడదురుటలలో పెక్కింట స్మృతి తప్పదు. స్కాను తీసినను ఏమియు కనబడకపోవచ్చును. అడిగినదే మరల అడుగుట, వాంతి, వెలుతురు చూడలేకుండుట, నడక తడబడుట, ఉన్నట్టుండి మౌనముగా నుండుట: వీనిలో నేది కనబడినను ఆనాడు వాడు మరల ఆడరాదు, వైద్యుని చూపింపవలెను. మొదటిది మానకమునుపు రెండవ దెబ్బ తగిలిన ప్రాణాపాయము సహితము కలుగవచ్చును. ఆడెదనని పిల్లవాడే పట్టుబట్టును. వాని మాట వినరాదు.

తండ్రులారా, అన్నలారా, మీతోను ఒక మాట. గట్టుమీద నిలిచి, “పట్టరా, విరిచేయరా” యని అరచునది పిల్లలు కారు. ఆ గొంతులు మాకు తెలిసినవే. మధ్యవర్తి పసుపుకార్డు తీసినప్పుడు ఆయనను తిట్టునదియు ఆ గొంతులే. ఒక్కమారు ఆ కార్డుకు చప్పట్లు కొట్టి చూడుడు. బదులు తీర్చుకొందుమన్న పై తరగతుల విద్యార్థులకు మేము చెప్పదగినది ఒక్కటే: మీరు ఎవనిమీద పడదలచితిరో వాడు గడచిన సంవత్సరము ఆ బరిలోనైన ఉండెనో లేదో మీకే తెలియదు.

ఇక మా సూచన. వచ్చే పందెములకు ముందు చుట్టుపట్ల పాఠశాలల డ్రిల్లు మాష్టరులు ఒక్కచోట కూడి, ఏయే కార్యములకు ఏ కార్డో ఒప్పుకొని, ఆ పట్టికను తెలుగున వ్రాసి ప్రతిజట్టుకును చదివి వినిపింపవలెను. మధ్యవర్తి ఆడు రెండు పాఠశాలలలో దేనికిని చెందినవారు కాకూడదు. మన పాఠశాలలో ఒక పుస్తకము నుంచి, ఎవడు ఏనాడు ఏ పనికి బయటికి పంపబడెనో అందు వ్రాయవలెను. ఒక సంవత్సరమున మూడుమారులు పేరెక్కినవానికి మరుసటి సంవత్సరము కెప్టెను పదవి యియ్యరాదు. ఇందునకు ఖర్చు ఒక నోటుపుస్తకమును, మూడు రంగుల అట్టముక్కలును. దానిని ఎవరు వ్రాయవలెననుటపై ఉపాధ్యాయులలో ఇంకను ఏకాభిప్రాయము కలుగలేదు. ఆ పని డ్రిల్లు మాష్టరుగారికే వదలి, నెలకొకమారు హెడ్మాష్టరుగారు సంతకము చేయుట మేలని మా యభిప్రాయము.